మా అయ్యగారు నేర్పిన సంతకాలు

మా అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, పోయి నెల దాటింది. బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కట్టారు. వాట్సాప్ గ్రూపుల నిండా ఆయన ఫొటోలే. జ్ఞాపకార్థ కూడికకు కడప నుంచి, అనంతపురం నుంచి పెద్దలు వచ్చి మైకులో మాట్లాడారు. గొప్ప ప్రసంగీకులన్నారు, ప్రార్థనా వీరులన్నారు, ఎన్నో గుళ్లు కట్టించారన్నారు. ప్రేమతో అన్న మాటలే, కాదనను. కానీ కింద చాపల మీద కూర్చున్న మా పల్లె ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన ప్రసంగం 20 నిమిషాలు దాటేది కాదు. గొంతు కూడా చిన్నదే. కొత్తగా కట్టించిన గుడి ఒక్కటి, అది కూడా పాత గోడల మీదే. మాకు తెలిసిన అయ్యగారు రాత్రిపూట గుడి అరుగు మీద లాంతరు పెట్టుకుని, మా జేజి (నాయనమ్మ) చేత పలక మీద అక్షరాలు దిద్దించిన మనిషి. ఆ సంగతి మైకులో ఎవరూ ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఆయన భార్య, మా అమ్మగారు వద్దన్నారు. "పేరు పెట్టి రాస్తే ఆయనకు నచ్చేది కాదు నాయనా, జరిగింది రాయి చాలు" అన్నారు. మా వైపు వాళ్లకు అయ్యగారు, అమ్మగారు అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. నల్లరేగడి నేల. వాన పడితే శనగ, జొన్న, పత్తి. పడకపోతే వలస. పల్లె చివర రాతిగోడల మిద్దె గుడి ఉండేది. ఏటా వానాకాలం ముందు అందరం కలిసి దాని మీద చవుడు మన్ను వేసేవాళ్లం. అయినా ముసురు పట్టిందంటే ఉరిసేది. ప్రభు సంస్కారపు బల్ల ఉన్న మూల ఒక్కటి తడవకుండా ఉంటే చాలనుకునేవాళ్లం.

మా పల్లెలో క్రైస్తవం నిన్నమొన్నటిది కాదు. లండన్ మిషన్ వాళ్లు 1810లో బళ్లారికి, 1822లో కడపకు వచ్చారు. తర్వాత గుత్తి, జమ్మలమడుగు. జమ్మలమడుగులో వాళ్లు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రికే మా ఇంట్లో మూడు తరాల వాళ్లు కాన్పులకు పోయారు. 1876–78 నాటి ధాత కరువు కథలు మా జేజికి వాళ్ల జేజి చెప్పింది. ఆ కథల్లో ఆకలి చావులు, మిషన్ వాళ్లు పోసిన గంజి రెండూ కలిసే ఉండేవి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డప్పుడు మా వైపు లండన్ మిషన్ సంఘాలన్నీ అందులో కలిశాయి. ఆ తర్వాత కడప కేంద్రంగా రాయలసీమ డయోసిస్, అంటే ఒక బిషప్పు కింద నడిచే సంఘాల ప్రాంతం, వచ్చింది. మా జేజి పుట్టిల్లు ముత్యాలపాడు వైపు. అక్కడిది ఎస్.పి.జి. అనే ఇంకో ఇంగ్లీషు మిషన్ వాళ్ల సంఘం. నంద్యాల డయోసిస్ వాళ్లు 1975లో గానీ సి.ఎస్.ఐ.లో కలవలేదు. పెళ్లయి వచ్చిన చాలా ఏళ్ల వరకు మా జేజికి పుట్టింటి గుడి ఒకటి, మెట్టినింటి గుడి ఒకటి. "మా పక్క అయ్యగారు రాగం తీసి ప్రార్థన చెప్తాడు, మీ పక్క వట్టిగా చదివేస్తారు" అని మా జేజినాయనను దెప్పేది.

ఇంత చరిత్ర ఉన్నా, 1986లో అయ్యగారు మా పాస్టరేటుకు వచ్చేనాటికి మా పల్లె గుడిలో బైబిలు చదవగలిగినవాళ్లు ఉపదేశి, ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, బడికి పోయే పిల్లలం. ఆడవాళ్లలో ఒక్కరికీ రాదు. కీర్తనలన్నీ నోటికి వచ్చు. ఏ పాటకు ఏ చరణం తర్వాత ఏది వస్తుందో తప్పులేకుండా పాడతారు. కానీ పుస్తకం తెరిచి చేతికిస్తే తల్లకిందులుగా పట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. దాన్ని ఎవరూ లోటు అనుకోలేదు. ఆడదానికి సంగటి కెలకడం వస్తే చాలు, దేవుని మాట చెవిన పడితే చాలు అనుకునే కాలం.

అయ్యగారు కూలి చేసుకునే తల్లి కొడుకు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నారు. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివి వచ్చారు. మా దగ్గరికి వచ్చేటప్పటికి 35 ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల పైజామా లాల్చీ. ఒక సైకిలు, దానికి వెనక కట్టుకున్న సంచీ. సంచీలో బైబిలు, ఆరాధన క్రమం పుస్తకం, సంస్కారపు గిన్నె, టార్చిలైటు. కొన్నాళ్లకు అందులో బలపాల డబ్బా చేరింది.

పాస్టరేటు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఒక పెద్ద గుడి, దాని చుట్టూ పదీ పదిహేను పల్లెలు. అన్నిటికీ కలిపి ఒకే అయ్యగారు. పల్లెల్లో రోజువారీ ప్రార్థనలు ఉపదేశి జరుపుతాడు, కానీ బాప్తిస్మానికి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారానికి అభిషేకం పొందిన అయ్యగారే రావాలి. ఆదివారం పొద్దున పెద్ద గుడి, సాయంత్రం ఒక పల్లె, వారంలో మిగతా రాత్రులు మిగతా పల్లెలు. రాత్రే ఎందుకంటే పగలు గుడికి వచ్చే తీరిక ఎవరికీ ఉండదు. చేలల్లోంచి వచ్చి, నీళ్లు పోసుకుని, వండుకుని తిని, పిల్లల్ని చంకన వేసుకుని వచ్చేసరికి తొమ్మిది అవుతుంది. మొదటి కీర్తనకే సగం మందికి కునికిపాట్లు. ఇంతకు ముందున్న ఒకరిద్దరు అయ్యగార్లు దానికి కోప్పడేవాళ్లు. ఈయన ఎవర్నీ లేపేవారు కాదు. "పొద్దున అయిదింటికి లేచిన మనిషి ఆమె. దేవుని ఇంట్లో నిద్రపోతే తప్పేముంది" అనేవారు. ప్రసంగం తగ్గించింది కూడా అందుకేనని నా నమ్మకం.

రాత్రిబడి ఎందుకు పెట్టారో ఆయన బతికుండగా ఎప్పుడూ చెప్పలేదు. మొన్న అమ్మగారే చెప్పారు. మా జిల్లా నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్లు చాలామంది. మగవాళ్లు డ్రైవర్లుగానో కూలీలుగానో పోయేవాళ్లు. అక్కడి నుంచి ఉత్తరం వస్తే చదివించుకోడానికి ఇక్కడివాళ్లు అయ్యగారి దగ్గరికి వచ్చేవాళ్లు. చదివింది విని, జవాబు కూడా ఆయన చేతే రాయించుకునేవాళ్లు. ఒకరోజు ఒకామె భర్త దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని వచ్చింది. వరండాలో ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. ఆయన మామూలుగా పైకి చదవడం మొదలుపెట్టి, రెండో పేజీలోకి వచ్చేసరికి ఆగిపోయారు. ఆమె మీద ఏవో అనుమానాలు, తిట్లు. ఆయన ఆగడంతోనే అందరికీ అర్థమైపోయింది. ఆమె ఉత్తరం లాక్కుని వెళ్లిపోయింది. ఆరోజు రాత్రి అయ్యగారు అన్నం తినలేదట. "ఒకరి కాపురం సంగతి నేనెందుకు చదవాలి? వాళ్ల ఉత్తరం వాళ్లే చదువుకోవాలి" అన్నారట. మర్నాడు జమ్మలమడుగు పోయి పలకలు తెచ్చారు.

మొదట్లో ఎవరూ రాలేదు. ఆడవాళ్లు సిగ్గుపడ్డారు, మగవాళ్లు నవ్వారు. అప్పుడు ఆయన ఒక ఉపాయం పట్టారు. అదే మా పల్లెను మార్చింది.

క్రైస్తవ వివాహానికి ముందు గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి. ఫలానా వాళ్ల అబ్బాయికి, ఫలానా వాళ్ల అమ్మాయికి పెళ్లి నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని. పెళ్లయ్యాక రిజిస్టరులో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. 1872 నాటి చట్టం ప్రకారం నడిచే రిజిస్టరు అది. మా వైపు పాత రిజిస్టర్లు తిరగేస్తే పేజీల నిండా వేలిముద్రలే. అయ్యగారు ఏమన్నారంటే, మొదటి ప్రకటన చదివిన రోజు నుంచి పెళ్లి రోజు దాకా మూడు వారాలు టైం ఉంది, ఈ లోపల పెళ్లికూతురు, పెళ్లికొడుకు, రెండు వైపుల తల్లులు సంతకం నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే పెళ్లి ఆపుతానని ఎప్పుడూ అనలేదు. ఆయనకు ఆ అధికారం లేదని ఆయనకు తెలుసు. కానీ రోజూ రాత్రి వచ్చి ఆ ఇంటి ముందు సైకిలు ఆపి, మంచం మీద కూర్చునేవారు. అయ్యగారు ఇంటి ముందు కూర్చుంటే పలక పట్టుకోకుండా ఎవరుంటారు? అమ్మగారు ఆడవాళ్ల పక్కన కూర్చుని దిద్దించేవారు. ఈ పనిలో సగం అమ్మగారిది. ఫ్లెక్సీల మీద ఆమె ఫొటో వేయనందుకు నాకు బాధగా ఉంది.

మా చిన్నాయన పెళ్లికి సాక్షిగా మా జేజిని పెట్టారు అయ్యగారు. మా ఇంట్లో అందరం నోరు తెరిచాం. సాక్షి అంటే ఊరి పెద్దో, బంధువుల్లో ఒక ఉద్యోగస్తుడో ఉండాలి గానీ జేజి ఏంటి?

"అయ్యా, కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, నాకెందుకయ్యా ఈ సదువు?" అంది జేజి.

"ఇంకెన్నాళ్లు వేలికి మసి పూసుకుంటావమ్మా?" అన్నారు అయ్యగారు. అంతే. ఇంకేం బతిమాలలేదు.

జేజి పేరులో రెండు ఒత్తులున్నాయి. మొదటి ఒత్తు దగ్గరే మూడు రాత్రులు గడిచాయి. పొయ్యి ముందు కూర్చుని బొగ్గుతో బండల మీద రాసేది. పేడ అలికిన నేల మీద పుల్లతో గీసేది. మా అమ్మ సంగటి కెలుకుతూ పక్క నుంచి చూసేది, మాట్లాడేది కాదు. నాకు తర్వాత తెలిసింది, జేజి చెరిపేసిన చోట మా అమ్మ కూడా రాసుకునేదని. పెళ్లి రోజు రిజిస్టరు ముందు జేజి కూర్చున్నప్పుడు అయ్యగారు పెన్ను మూత తీసి ఇచ్చారు. పక్కనున్న మా మామ ఒకాయన "ఇట్లా, ఇట్లా గియ్యి" అని చేత్తో చూపబోతే ఆపారు. "అందించొద్దు, ఆమెకు వస్తుంది" అన్నారు. జేజి రాసింది. గీత కిందికి జారింది, రెండో ఒత్తు పక్క గడిలోకి పోయింది. అయినా అది సంతకమే. ఆ రోజు పెళ్లికూతురు కంటే ఎక్కువ మంది మా జేజిని చూశారు.

"అందించొద్దు." ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. సంతకం అయ్యాక జేజికి చదవాలనిపించింది. పెద్దక్షరాల బైబిలు తెచ్చిచ్చారు. 23వ కీర్తన నోటికి ఎప్పటి నుంచో వచ్చు, అది చూసి చదవడానికి ఒక ఎండాకాలం పట్టింది. నోటికి వచ్చింది కాబట్టి కళ్లు అక్షరాల మీద ఉండేవి కావు. అయ్యగారు అది కనిపెట్టి, ఆమెకు రాని భాగం ఇచ్చారు. ఆ ఏడు కోతల పండుగకు జేజి బల్ల పక్కన నిలబడి పాఠం చదివింది. గుడి నిండా జనం. ముందర జొన్నల మూటలు, చెనిక్కాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, వేలం పాట కోసం. జేజి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. ఒక చోట పూర్తిగా ఆగిపోయింది. ఉపదేశి నోరు తెరవబోయాడు. అయ్యగారు ఆయన వైపు చూశారు. గుడిలో ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి జేజి ఆ మాట పలికింది, ముందుకు పోయింది. పాఠం చదవడం అయిపోయాక ఆయన ప్రసంగమే చేయలేదు. "ఈరోజు వాక్యం విన్నాం" అని ఆశీర్వాదం చెప్పేశారు.

ఆ తర్వాత ఆడవాళ్లు వరుసకట్టారు. ఎవరూ పిలవకుండానే. మా అమ్మ, చిన్నమ్మ, పక్కింటి వదిన, ఆఖరికి ఆ ఉత్తరం లాక్కుపోయిన ఆమె కూడా. రాత్రిబడి అరుగు మీద కొన్నేళ్లు నడిచింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు మా పల్లె నుంచి అక్కడికి పోయినవాళ్లు ఉన్నారు. ఉత్తరాలు ఆగిపోయాయి. అయ్యగారు ఇంట్లో రేడియో పెట్టుకుని కూర్చుంటే, వరండాలో జనం. కొన్ని వారాల తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ ఎప్పటిలా అయ్యగారి ఇంటికే తెచ్చాడు. ఆయన చించకుండా ఆ ఉత్తరం ఎవరిదో ఆ అమ్మాయి చేతికిచ్చారు. ఆ అమ్మాయి అక్కడే నిలబడి చదువుకుంది, ఏడ్చింది, నవ్వింది, ఏం రాశారో మాకు చెప్పకుండానే ఇంటికి పోయింది. అమ్మగారు అంటారు, అయ్యగారు అంత సంతోషంగా ఉండగా చూసింది చాలా తక్కువని.

రెండేళ్లకు పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారన్న వార్త పేపర్లో వచ్చింది. మా అరుగు మీద ఆ పేపరు ఆడవాళ్లే చదువుకున్నారు. ఇక్కడా గొడవ మొదలైంది. అయ్యగారు ముందుండి నడిపించారని కొందరు ఇప్పుడు చెబుతున్నారు, అది నిజం కాదు. ఆయన ముందుకు రాలేదు. ఎమ్మార్వోకు అర్జీ రాయమని ఆడవాళ్లు అడిగితే, "మీరే రాయండి, తప్పులుంటే చూస్తాను" అన్నారు. ఆ అర్జీ కింద ఉన్నవన్నీ సంతకాలే. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అది మా పల్లె వల్ల రాలేదు. కానీ మా పల్లె కాగితం కూడా ఆ కాగితాల్లో ఒకటి.

మా సీమలో ఫ్యాక్షన్ గురించి రాయకుండా ఆయన గురించి రాయలేను. మా పాస్టరేటులోని ఒక పల్లె రెండుగా చీలి ఉండేది. పెద్దోళ్ల కక్షలు పెద్దోళ్లవి, చచ్చేది మావాళ్లు. ఒకరోజు బాంబు దాడిలో మా సంఘపాయన ఒకరు చనిపోయారు. మగవాళ్లంతా ఊరు విడిచి పోయారు, కొందరు భయంతో, కొందరు కేసుల వల్ల. పెట్టె మోసేవాళ్లు లేరు. పోలీసులు సాయంత్రం లోపల కానిచ్చేయమంటున్నారు. అయ్యగారు సైకిలు మీద వచ్చారు. ఆడవాళ్లను పిలిచి "మోయగలరా అమ్మా?" అని అడిగారు. నలుగురు ఆడవాళ్లు, వాళ్లతో పాటు ఆయన, పెట్టె ఎత్తారు. సమాధి దగ్గర పాఠం చదివింది చనిపోయినాయన కూతురు. ఆ పిల్లకు పుస్తకం ఇస్తుంటే నేను అక్కడే ఉన్నాను. గొంతు పూడుకుపోయి ఆగింది. మళ్లీ అదే, ఎవరూ అందించలేదు, ఆమే చదివింది.

ఆ తర్వాత ఆ పల్లెలో రెండు వర్గాల వాళ్లూ ఆయన్ని అడిగారు, మాకు వేరే, వాళ్లకు వేరే ఆరాధన పెట్టమని. రెండు పూటలా వస్తానన్నా సరిపోయేది, చాలామంది అలాగే చేసేవాళ్లు. ఆయన ఒప్పుకోలేదు. ప్రతివారం వచ్చి ప్రార్థన చేసి పోయేవారు గానీ, ప్రభు సంస్కారం ఇవ్వలేదు. "ఒక రొట్టెను రెండు పళ్లాల్లో పెట్టను" అన్నారు. నెలలు గడిచాయి. ఆయన మీద పైకి ఫిర్యాదులు పోయాయి, బెదిరింపులు వచ్చాయి. ఆ ఏడు క్రిస్మస్‌కు రెండు వైపుల ముసలివాళ్లు వచ్చి ఒకే చాప మీద కూర్చున్నారు. మగపిల్లలు రాలేదు. వచ్చినవాళ్లకే ఇచ్చారు. దీంతో కక్షలు పోయాయని నేను చెప్పను, పోలేదు. అయినా ఆయన పట్టు సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఇంకో విషయం కూడా చెప్పాలి, దాని గురించి మా వాళ్లు పైకి మాట్లాడరు. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హక్కు ఇచ్చారు, మాకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో మాలాంటివాళ్లను బీసీల్లో సీ గ్రూపులో (బీసీ-సీ) పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అందువల్ల మా పిల్లలకు బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. బాప్తిస్మం రిజిస్టరులో పేరు రాయించాలంటే తల్లిదండ్రులకు గుబులు. కొందరు పెద్దలు గుడిలోనే ఆ విషయం ఎత్తి, విశ్వాసం లేనివాళ్లని మందలించేవాళ్లు. అయ్యగారు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "ఆకలితో ఉన్నోడి చేతిలో ముద్ద లాక్కుని వాణ్ని నమ్మకస్తుడా అని అడగడం న్యాయం కాదు" అని ఒకసారి మా నాయనతో అంటుంటే విన్నాను. తన పిల్లల సర్టిఫికెట్లలో మాత్రం బీసీ-సీ అనే రాయించారు. కొడుకుకు రెండు సార్లు ఉద్యోగం చేతిదాకా వచ్చి పోయింది. ఆ పని ఇంకొకరు చేయాలని ఆయన ఎవరికీ చెప్పలేదు.

1990ల మధ్యలో ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయ్యింది. అనంతపురం జిల్లా వైపు వేశారు. తర్వాత వచ్చినాయన మంచివారే, కానీ రాత్రిబడి నిలవలేదు. కొన్నేళ్లకు అయ్యగారు మళ్లీ మా పాస్టరేటుకు వచ్చారు. అప్పటికి సైకిలు పోయి టీవీఎస్ వచ్చింది. మిద్దె గుడి పడిపోయే దశలో ఉంటే, పాత రాతిగోడల మీదే స్లాబు వేయించారు. ఖర్చు లెక్కలు పైసలతో సహా గుడి తలుపు వెనక అంటించారు. పెచ్చులూడినా ఆ కాగితం చాలా ఏళ్లు అక్కడే ఉంది.

ఈ రెండోసారి వచ్చినప్పుడు కుర్రాళ్లకు ఆయనకు పొసగలేదు. కీబోర్డు, డ్రమ్ములు, పెద్ద సౌండ్ బాక్సులు కావాలని మా తమ్ముళ్లు అడిగారు. ఆయన వద్దన్నారు. కొందరు పట్నంలో కొత్తగా వచ్చిన ఇండిపెండెంట్ సంఘాలకు వెళ్లిపోయారు. ఆ విషయంలో ఆయన మొండిగా ఉన్నారనే నా అభిప్రాయం. కాలం మారినప్పుడు పాట కూడా కొంచెం మారుతుంది, ఆయన ఆ చోటు ఇవ్వలేకపోయారు. కానీ వెళ్లిపోయినవాళ్ల ఇళ్లలో చావైనా, పెళ్లైనా పిలవకుండానే వెళ్లి నిలబడ్డారు. అది కూడా అంతే నిజం.

రిటైరయ్యాక మా ఊరికి దగ్గర్లోనే చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి గుళ్లు మూసేశారు. ఏప్రిల్ 12న ఈస్టర్. సూర్యోదయ ఆరాధన లేకుండా ఈస్టర్ ఎలా ఉంటుందో మా ఊరికి అంతవరకూ తెలీదు. అందరూ ఫోన్లలో ఏవో లైవులు చూశారు. అయ్యగారు అది చేయలేదు. ముసలివాళ్ల ఇళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. తానేం ప్రార్థన చెప్పకుండా, "పుస్తకం తెరువమ్మా, ఈరోజు పాఠం నువ్వు చదువు, నేను వింటాను" అన్నారు. మా అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం రాక, మంచం మీద స్పీకరులో పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని చదివింది. అటువైపు నుంచి చప్పుడే లేదు. చదవడం అయ్యాక "ఆమెన్" అని వినిపించింది. ఆ రోజంతా ఆయన అలా ఎంతమంది చేత చదివించుకుని విన్నారో అమ్మగారికి కూడా లెక్క తెలీదు.

మా జేజి అప్పటికే పోయింది. ఆమె భూస్థాపన కూడా ఆయనే చేశారు. ఆ రోజు పాఠం మా అమ్మ చేత చదివించారు.

ఆఖరి రెండేళ్లు ఆయనకు చూపు తగ్గింది. చదవలేకపోయేవారు. సాయంత్రం పూట పల్లెలోని పిల్లలు ఒక్కొక్కరు వెళ్లి పేపరు, బైబిలు చదివి వినిపించేవాళ్లు. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు చదవడానికి తడబడేవాళ్లు. అప్పుడు కూడా ఆయన అందించేవారు కాదట, ఆగి వినేవారట. ఒక పిల్లవాడు నాతో అన్నాడు, "తాతకు ఆ మాట తెలుసన్నా, అయినా చెప్పడు" అని.

భూస్థాపన రోజు చాలామంది వచ్చారు. పట్నం పెద్దలు కార్లలో వచ్చారు. పల్లెల వాళ్లు ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చారు. ఆ చీలిపోయిన పల్లె నుంచి రెండు వైపుల వాళ్లూ వచ్చారు, పక్కపక్కన నిలబడలేదు గానీ వచ్చారు. వేరే సంఘాలకు వెళ్లిపోయిన తమ్ముళ్లు పెట్టె మోశారు. కువైట్‌లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో చూశారు. మిడ్డే మీల్స్ వంట చేసే ఆమె, అంగన్‌వాడీ ఆయా, డ్వాక్రా గ్రూపు లీడరు, వీళ్లంతా ఆ అరుగు మీద అక్షరాలు నేర్చుకున్నవాళ్లే. మైకు ఇచ్చి ఉంటే వాళ్లే చెప్పేవాళ్లు. ఇవ్వలేదు. టైం లేదన్నారు.

ఇప్పుడు సమాధి బండ దగ్గర మాట పడింది. ఆయన డైరీలో ముందే రాసిపెట్టారు, కడప బండ ఒకటి చాలు, దాని మీద పేరు, రెండు తేదీలు, పుట్టిన ఊరు, ఇంకేం వద్దు అని. 'రెవరెండ్' కూడా వద్దన్నారు. సంఘ పెద్దలు దానికి ఒప్పుకోవడం లేదు. పాలరాయి పెట్టాలని, హోదాలన్నీ చెక్కించాలని, ఫొటో అతికించాలని వాళ్ల కోరిక. చందాలు కూడా వసూలయ్యాయి. అంత సేవ చేసిన మనిషికి ఒట్టి బండ పెడితే సంఘానికి చిన్నతనమని వాళ్ల బాధ, అది అర్థం చేసుకోగలను. కానీ ఆయన రాసిపెట్టింది ఆయన సంతకంతో ఉంది. అది చదివి కూడా పక్కన పెడితే, ఆయన మా చేత అక్షరాలు దిద్దించింది ఎందుకు? పోయిన ఆదివారం ఆరాధన తర్వాత మీటింగులో నేను ఇదే చెప్పాను. మా అమ్మ లేచి, డైరీలోని ఆ పేజీ అందరి ముందూ చదివింది. పెద్దలు ఇంకేం అనలేదు. చందా డబ్బు పిల్లల ఫీజులకు ఇద్దామన్నారు.

బండ చెక్కే ఆయన వచ్చి కొలతలు తీసుకుపోయాడు. పేరు ఎలా రాయాలో కాగితం మీద రాసిమ్మన్నాడు. అమ్మగారు రాసిచ్చారు.